పరువు కోసం పర్సు

కొత్తిమీర కట్ట పది రూపాయలంటే "ఏడుకియ్యవమ్మా, చేత్తో నాలుగు పచ్చిమిరపకాయలు కూడా వెయ్యి" అని నిలబడే జాతి మనది. చీరల కొట్లో బీరువాలకు బీరువాలు దింపించి, "రంగులు బాలేవండీ" అని చెయ్యి దులుపుకుని లేచి రాగలం. ఇరవై రూపాయల కోసం ఆటోవాడితో నడిరోడ్డు మీద ధర్మయుద్ధం చెయ్యగలం. ఇంత రాటుదేలిన ప్రాణిని విమానమెక్కించి ఫుకెట్ దీవిలో దింపండి. పటాంగ్ బీచి చేరేసరికి మనిషి ఎలా మారిపోతాడో చూడండి. ధర అడగడానికి సిగ్గు. బిల్లు చదవడానికి సిగ్గు. "ఇది నేను తాగలేదు" అనడానికి మరీ సిగ్గు. ఫారిన్ వచ్చాడు కదా! ఫారిన్‌లో బేరమాడితే పరువు పోతుందట. పరువు నిలవాలంటే పర్సు పోవాలి. ఈ ఒక్క సూత్రం మీద ఆ దీవిలో ఒక చిన్న పరిశ్రమ మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతోంది.

ఫుకెట్ జనాన్ని ఏమీ అనడం లేదు. థాయిలాండ్‌లోకెల్లా పెద్ద దీవి అది. ఒకప్పుడు తగరపు గనుల మీద బతికింది, ఇప్పుడు టూరిస్టుల మీద బతుకుతోంది. గని తవ్వడం కష్టం, టూరిస్టుని తవ్వడం సుఖం. అక్కడ నూడుల్స్ బండి పెట్టుకున్న ఆవిడ మీ చిల్లర లెక్కపెట్టి మరీ చేతిలో పెడుతుంది. దోపిడీ అంతా కొన్ని వీధుల్లో, కొన్ని చేతుల్లో, ఒక సీజన్లో. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు సముద్రాన్ని కలియబెడుతుంటే ఆ చేతులకు పనుండదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తెరిపి. అందులోనూ క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ నడుమ కోతల కాలం. పంట ఎవరో వేరే చెప్పాలా? 2023 నవంబరులో థాయిలాండ్ మనకు వీసా అక్కర్లేదంది. 2024లో 20 లక్షలకు పైగా భారతీయులు ఆ దేశంలో దిగారు. హైదరాబాదు నుంచి ఫుకెట్‌కి నేరుగా విమానం కూడా వేశారు. పంటే టికెట్ కొనుక్కుని కొడవలి దగ్గరికి వెళ్ళే వింత వ్యవసాయం ఇది.

కోత ఇంటి దగ్గరే మొదలవుతుంది. 2025 మే 1 నుంచి థాయిలాండ్ వెళ్ళే విదేశీయులందరూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ప్రయాణానికి మూడు రోజుల లోపు, థాయ్ ఇమిగ్రేషన్ శాఖ సొంత సైటులో, పైసా ఖర్చు లేకుండా. మనవాడికి ఉచితం అంటే అనుమానం. గూగుల్‌లో కొట్టి మొట్టమొదట మెరిసిన సైటులోకి దూరతాడు. అక్కడ థాయ్ జెండా ఉంటుంది, గుడి బొమ్మ ఉంటుంది, డాలర్లలో ఫీజు కూడా ఉంటుంది. ఫీజు ఉంది కాబట్టి ఇదే అసలు సైటని తీర్మానించి, డబ్బుతోపాటు పాస్‌పోర్టు వివరాలన్నీ ఎవడికో సమర్పించుకుంటాడు. తర్వాత ఆఫీసులో "మా వీసా పనులన్నీ నేనే చూసుకున్నా" అని చెప్పుకోవడం అదనపు లాభం.

విమానాశ్రయం దీవికి ఉత్తరపు కొసన, పటాంగ్ పడమటి ఒడ్డున. ఎటూ గంట ప్రయాణం. చవగ్గా వస్తుందని పదిమందితో కలిసి మినీవ్యాన్ ఎక్కుతాడు. సగం దారిలో వ్యాన్ ఒక ఆఫీసు ముందు ఆగుతుంది. లోపల టేబుళ్ళు, కంప్యూటర్లు, మెళ్ళో కార్డులు వేలాడేసుకున్న అమ్మాయిలు. "ఏ హోటలు? ఎన్ని రోజులు? రేపు ఎక్కడికి?" అని అడుగుతారు. మనవాడు అది ఇంకో ఇమిగ్రేషన్ అనుకుని చేతులు కట్టుకుని జవాబులు చెబుతాడు. బాబూ, అది టూర్లు అమ్ముకునే దుకాణం. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన అవసరం నీకు లేదు. "అన్నీ బుక్ అయిపోయాయి" అనే మూడు మాటలు చాలు, వ్యాన్ మళ్ళీ కదులుతుంది. అది కూడా వద్దనుకుంటే విమానాశ్రయం నుంచి పడమటి బీచిల వెంట వెళ్ళే స్మార్ట్ బస్సు ఉంది. టికెట్ 100 బాత్ చుట్టూ. కానీ బస్సెక్కితే ఫొటో ఏం బాగుంటుంది!

ఇక టుక్‌టుక్. ఫుకెట్‌లో టుక్‌టుక్ అంటే మన ఆటోలాంటిది కాదు, నాలుగు చక్రాల బుల్లి వ్యాను. లోపల రంగురంగుల లైట్లుంటాయి, గుండె అదిరే పాటలుంటాయి. మీటరు ఒక్కటే ఉండదు. నడిచి వెళ్ళగల దూరానికి 200 బాత్ అంటాడు. బాత్ అంటే రెండున్నర రూపాయల పైమాటే. అమీర్‌పేటలో ఆటోవాణ్ణి ఏడిపించిన మనవాడు ఇక్కడ "ఓకే ఓకే" అని ఎక్కి కూర్చుంటాడు. ఎక్కేముందు ధర ఖాయం చేసుకోవాలని, ఆ ధర బండికా తలకా అని అడగాలని, గ్రాబ్, బోల్ట్ లాంటి టాక్సీ యాపుల్లో చూసి పోల్చుకోవాలని అతనికి తెలియక కాదు. పక్కనున్న బామ్మర్ది చూస్తున్నాడని.

ఈ టాక్సీల పెత్తనం ఎంత దూరం పోయిందంటే, 2014లో అధికారం చేతిలోకి తీసుకున్న థాయ్ సైన్యం, ఆ జూన్‌లోనే ఫుకెట్ టాక్సీ ముఠాల మీద పడింది. అరెస్టులు చేసింది, దారులు ఆక్రమించిన స్టాండ్లు పీకించింది. అంటే ఒక ఆటోస్టాండును సర్దడానికి ఒక దేశ సైన్యం దిగాల్సి వచ్చింది. దిగి, సర్ది, వెళ్ళిపోయింది. మీటర్లు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నట్టున్నాయి.

అసలు కళాఖండం పటాంగ్ ఒడ్డున ఉంది. దాని పేరు జెట్‌స్కీ. అరగంటకు ఇంతని మాట్లాడుకుంటారు. మనవాడు నీళ్ళ మీద రెండు చక్కర్లు కొడతాడు, అరుస్తాడు, వీడియో తీయించుకుంటాడు. ఒడ్డుకు రాగానే ఓనరు బండి పొట్ట కిందికి వంగి, ఆత్మీయుడి శవాన్ని చూసినట్టు నిట్టూరుస్తాడు. కింద ఒక గీత. ఆ గీత మనవాడు పుట్టకముందు నుంచీ ఉండి ఉండవచ్చు. పొద్దుట్నుంచీ దాని మీద నలుగురి దగ్గర వసూలు చేసి ఉండవచ్చు. అయినా మరమ్మతుకు వేల బాత్‌లు కావాలంటాడు. చుట్టూ మరో ఆరుగురు చేరతారు, చొక్కాలు లేనివాళ్ళు, పచ్చబొట్లు ఉన్నవాళ్ళు. కాసేపటికి "పెద్దమనిషి" ఒకడు మధ్యవర్తిగా వస్తాడు. అడిగినదాంట్లో సగానికి ఒప్పిస్తాడు. మనవాడు సగం మిగిలిందని సంబరపడి, ఆ పెద్దమనిషికి దణ్ణం కూడా పెడతాడు.

ఇదేదో కొత్త విద్య కాదు. 2009లోనే బ్రిటన్ టీవీలో "బిగ్ ట్రబుల్ ఇన్ టూరిస్ట్ థాయిలాండ్" అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది. పటాంగ్‌లో ఒక జెట్‌స్కీ ఆసామి సాక్షాత్తూ బ్రిటిష్ మెరైన్ సైనికుల్నే నిలదీసి డబ్బు గుంజడం అందులో కెమెరా ముందే జరిగింది. ఆసామి అరెస్టయ్యాడు, రగడ జరిగింది, జెట్‌స్కీలకు బీమా తప్పనిసరి అన్నారు. యుద్ధ శిక్షణ పొందిన సైనికులకే దిక్కులేని ఒడ్డున, ముందురోజు రాత్రి మందు దిగని మనవాడు నెగ్గుకొస్తాడా?

నెగ్గే మార్గం ఉంది, కానీ అందులో హీరోయిజం లేదు. ఎక్కేముందే బండి చుట్టూ, బండి కిందా ఫోన్‌తో వీడియో తియ్యాలి, అదీ ఓనరు చూస్తుండగా. తియ్యనివ్వకపోతే అక్కడే నమస్కారం పెట్టేయాలి. బీమా కాగితం చూపించమనాలి. గొడవైతే బీచిలో పంచాయితీకి కూర్చోకుండా "స్టేషన్‌కి పోదాం పద" అనాలి. టూరిస్టు పోలీసు నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. ఆ నాలుగంకెలు ఫోన్లో కనబడేలా పట్టుకుంటేనే సగం గీతలు వాటంతటవే మాసిపోతాయి. లేదంటే అన్నిటికన్నా చవకైన మార్గం ఇంకోటుంది. ఒడ్డున కూర్చుని కొబ్బరిబొండం తాగుతూ, పక్కవాడి జెట్‌స్కీ చూడటం.

స్కూటరు కథా ఇదే, కాకపోతే ఇందులో తాకట్టు వస్తువు మరీ విలువైంది. రోజుకు రెండు మూడు వందల బాత్‌ల అద్దె. "పాస్‌పోర్టు పెట్టి వెళ్ళండి సార్" అంటాడు. ఇంట్లో ఆధార్ కార్డు జిరాక్సు ఇవ్వడానికి కూడా అడ్డంగా గీత గీసి "ఫలానా పనికి మాత్రమే" అని రాసే జాగ్రత్తపరుడు, ఇక్కడ భారత ప్రభుత్వం వారి పాస్‌పోర్టును ఒక టైర్ల షాపు సొరుగులో పడేసి వెళ్తాడు. తిరిగొచ్చాక అద్దం మీద గీత, మడ్‌గార్డు మీద గీత, బంపరు మీద గీత. ఆ దీవిలో గీతల్ని కనిపెట్టే శాస్త్రం బాగా ముదిరింది. డబ్బు కడితే పాస్‌పోర్టు, లేకపోతే రేపటి విమానం నీకు టాటా. నగదు డిపాజిట్ తీసుకునే కొట్టు వెతుక్కోండి, లేదా మీ హోటలువాళ్ళు చెప్పిన చోట తీసుకోండి. పాస్‌పోర్టు ఫొటోకాపీకి మించి ఎవరికీ ఇవ్వకండి.

ఇంకో సంగతి. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ చాలదు. ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది. అది లేకుండా పటాంగ్ కొండ మలుపులో పడ్డారనుకోండి, పోలీసు జరిమానా చిన్న నొప్పి. ట్రావెల్ ఇన్సూరెన్సు కంపెనీ "లైసెన్సు ఏదీ?" అని అడిగే ప్రశ్న పెద్ద నొప్పి. ఇది మోసం కూడా కాదు, పాలసీలో రాసే ఉంటుంది. కాకపోతే మనం ఆ పాలసీని బార్లో బిల్లు చదివినంత శ్రద్ధగానే చదువుతాం.

బార్లో బిల్లు అంటే గుర్తొచ్చింది, చీకటి పడింది, పటాంగ్‌లో బార్ల వీధి బంగ్లా రోడ్డుకు పోదాం. సాయంత్రం నుంచి వాహనాలు ఆపేసి వీధంతా జనానికి వదిలేస్తారు. నియాన్ లైట్ల కింద లామినేషన్ చేసిన కార్డులు పట్టుకుని మనుషులు నిలబడి ఉంటారు. మనవాణ్ణి దూరం నుంచే పోల్చుకుని "నమస్తే, మై ఫ్రెండ్!" అంటారు. కార్డు మీద ఏవేవో ప్రదర్శనల జాబితా ఉంటుంది, ఏవో ఇక్కడ రాయలేను. కింద మాత్రం "ప్రవేశం ఉచితం" అని ఉంటుంది. ఉచితమన్నాక మనం ఆగుతామా? మెట్లెక్కి పైకి వెళ్ళి, చీకట్లో ఒక బీరు తాగి, ఐదు నిమిషాలు చూసి, చూసినదానికి కడుపులో తిప్పి లేచేసరికి వేల బాత్‌ల బిల్లు. ప్రవేశం ఉచితమే నాయనా, నిష్క్రమణకే రుసుము. తలుపు దగ్గర ఆ మెనూలో లేని ఇద్దరు నిలబడి ఉంటారు.

దీనికి విరుగుడు సులువు. వీధిలోంచి ఎవరైనా చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్తే వెళ్ళకూడదు. ఇది మన అమ్మలు ఆరేళ్ళప్పుడే చెప్పారు. నలభై ఏళ్ళు నిండాక అమ్మ మాట వినడం నామోషీ.

కింద వీధి బార్లలో మోసం లేదు, ఆచారం ఉంది. ఆచారం తెలియనివాడికి అది మోసం కన్నా ఖరీదు. బార్ మధ్యలో ఇత్తడి గంట వేలాడుతుంటుంది. గంట కనబడితే కొట్టాలన్నది మనకు గుడిలో అబ్బిన అలవాటు. బామ్మర్ది వీడియో తీస్తుండగా మనవాడు ఠంగుమని కొడతాడు. బార్ అంతా ఈలలు, చప్పట్లు. తన చరిష్మా చూసి తనే మురిసిపోతాడు. ఆ గంట కొట్టినవాడు ఆ సమయానికి బార్లో ఉన్నవాళ్ళందరికీ ఒక రౌండు తాగించాలన్నది అక్కడి కట్టుబాటు. పీక్ సీజన్లో బార్ ఎప్పుడూ నిండే ఉంటుంది. స్వామివారి హుండీలో పది రూపాయల నోటు వెతికి వేసే భక్తుడు, ఒక్క గంటకు ఊరందరికీ తీర్థం పోయిస్తాడు.

పక్కన కూర్చున్న అమ్మాయి "నాకో డ్రింకు?" అంటుంది. ఆ డ్రింకు ధర వేరు, అందులో ఆమెకు కమీషను ఉంటుంది. అది ఆమె ఉద్యోగం, దాన్ని ప్రేమ అనుకోవడం మన ప్రతిభ. తర్వాత బిళ్ళలు వరసగా పేర్చే ఆట ఒకటి తీసి, "ఓడితే ఒక డ్రింకు" అంటుంది. రోజూ రాత్రి అదే ఆట ఆడే మనిషితో, నాలుగు పెగ్గులేసుకుని, మొదటిసారి ఆడి గెలవగలనని నమ్మేవాణ్ణి థాయిలాండ్ మోసం చెయ్యనక్కర్లేదు. ప్రతి రౌండుకూ చీటీ మీ ముందున్న చిన్న కప్పులో దోపుతుంటారు. గ్లాసు ఖాళీ అయినప్పుడల్లా ఆ కప్పు కూడా చూడండి. దాచలేదు, మీ ఎదురుగానే ఉంది.

డబ్బు కట్టేచోట ఇంకో చిలిపి ఉంది. కార్డు మెషీను "రూపాయల్లోనా, బాత్‌లోనా?" అని అడుగుతుంది. మనవాడికి ఒక్కసారిగా దేశభక్తి పొంగి రూపాయలు నొక్కుతాడు. మారకపు రేటు వాళ్ళిష్టం, తేడా వాళ్ళ జేబుకి. దేశభక్తిని కొంచెం అదుపు చేసుకుని బాత్ నొక్కండి. ఏటీఎంలో విదేశీ కార్డు పెట్టిన ప్రతిసారీ 200 బాత్ పైనే కోత పడుతుంది కాబట్టి, చిల్లరగా పదిసార్లు తియ్యకుండా ఒకేసారి తీసుకోండి.

దొంగల నుంచి తప్పించుకున్నవాణ్ణి పట్టుకోవడానికి చట్టం కాచుకుని ఉంటుంది. ఈ-సిగరెట్లు థాయిలాండ్‌లో నిషేధం. బంగ్లా రోడ్డులో బల్లల మీద పరిచి అమ్ముతారు. అమ్మేవాడు ఇక్కడ, పట్టుకునేవాడు మలుపులో, నడుమ గుప్పుగుప్పుమంటూ మనవాడు. గంజాయిని 2022లో వదిలేశారు, 2025 జూన్‌లో మళ్ళీ డాక్టరు చీటీ ఉండాలని బిగించారు. పాత వీడియో చూసి వెళ్ళేవాడికి ఈ కబురు కొత్త.

ముద్దొచ్చే పెద్ద కళ్ళ స్లో లోరిస్, మన దేవాంగపిల్లికి దగ్గరి బంధువు, దాన్ని భుజమ్మీద పెట్టి ఫొటో తీస్తామంటారు. అది రక్షిత జంతువు. 2013లో గాయని రిహానా ఫుకెట్‌లో దాంతో సెల్ఫీ దిగి పెడితే, జంతువును తెచ్చినవాళ్ళు అరెస్టయ్యారు. ఆవిడకు లక్షల లైకులొచ్చాయి. మనవాడికి వచ్చేది ఫొటో అయ్యాక డబ్బుల కోసం పట్టుకున్న చెయ్యి.

గదిలో నలుగురం కూర్చుని పేకాడుకుంటే ఎవడికి నష్టం అంటారా? థాయ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా 120కి మించి పేకముక్కలు దగ్గరుండకూడదు. రెండు కట్టలైతే 104. మూడో కట్ట విప్పితే నేరం. 2016లో పట్టాయాలో బ్రిడ్జి ఆడుకుంటున్న విదేశీ వృద్ధుల్ని ఈ నియమం కిందే పట్టుకుపోయారు. పదమూడు ముక్కల రమ్మీకి మూడు కట్టలు కలిపే మన జూద విశారదులు లెక్క సరిచూసుకోవాలి. అసలు పందెం కాయడమే అక్కడ నేరమన్నది వేరే సంగతి.

కొన్ని దోపిడీలకు రసీదు కూడా ఇస్తారు. ఫీఫీ దీవుల జాతీయ పార్కులో అడుగుపెట్టాలంటే విదేశీయుడికి 400 బాత్, థాయ్ పౌరుడికి అందులో చిన్న ముక్క. దీనికి ఆవేశపడేముందు, తాజ్‌మహల్ గేటు దగ్గర మనకు 50, విదేశీయుడికి 1100 రూపాయలని గుర్తు చేసుకుని చల్లబడండి. ఆవేశపడాల్సింది మన ఊరి ట్రావెల్ ఏజెంటు మీద. "అన్నీ ఇందులోనే సార్" అని ప్యాకేజీ అంటగట్టి, ఆ పార్కు ఫీజు "అన్నీ"లోకి రాదని పడవలో చెప్పించే ఘనుడు అతను. చాలా హోటళ్ళు డిసెంబరు 31 రాత్రికి "గాలా డిన్నర్" అని తప్పనిసరి వడ్డన వేస్తాయి. శుద్ధ శాకాహారి కూడా ఎండ్రకాయలకీ రొయ్యలకీ పూర్తి ధర చెల్లించి, పెరుగన్నం కోసం వెతుక్కుంటాడు. గది బుక్ చేసేముందే అడిగితే చెబుతారు. అడగాలి కదా.

ఈ "అడగాలి కదా" దగ్గరే మొత్తం కథ ఆగిపోతుంది. పైన చెప్పిన వాటిలో రహస్యమేదీ లేదు. ఏళ్ళ తరబడి అవే గీతలు, అదే గంట, అదే మేడ. పోలీసులు అప్పుడప్పుడు దాడులు చేస్తారు, పత్రికల్లో ఫొటోలు పడతాయి, మరుసటి సీజన్‌కి అందరూ ఎవరి చోట్లలో వాళ్ళు. ఎందుకంటే ఈ వ్యాపారానికి పెట్టుబడి పడవ కాదు, బండి కాదు, కండ కాదు. మోసపోయినవాడి మౌనం. బీచిలో వాడు బెదిరించేది మనవాడి ఒంటిని కాదు, పరువుని. "స్టేషన్‌కి పోదామా?" అని వాడే ధైర్యంగా అంటాడు. వాడికి తెలుసు, మనవాడు రాడు. వస్తే ఎక్కడున్నాడో, ఏం చూస్తున్నాడో, ఎంత తాగాడో చెప్పాలి. బెంగళూరులో ఆఫీసు ట్రైనింగని ఇంట్లో చెప్పి బంగ్లా రోడ్డులో తేలినవాడు 1155కి ఏమని ఫోన్ చేస్తాడు? భార్యకు చెప్పిన అబద్ధం ఖరీదు మొత్తం ఆ మేడ మీద బిల్లులో వసూలవుతుంది.

కుటుంబంతో వెళ్ళినవాడిదీ వేరే తీరేం కాదు. పెళ్ళాం పిల్లల ముందు మోసపోయానని ఒప్పుకోవడం కన్నా "ఇక్కడ రేట్లే అంత" అనడం హాయి. తిరిగొచ్చాక అతనే అపార్ట్‌మెంట్ లిఫ్టులో పక్క ఫ్లాటాయనకు సలహా ఇస్తాడు: "ఫుకెట్ వెళ్ళండి సార్, జెట్‌స్కీ మిస్ కాకండి." రీలులో నీలం నీళ్ళుంటాయి, గీత ఉండదు. గంట ఉంటుంది, బిల్లుండదు. పక్క ఫ్లాటాయన అది చూసి మరుసటి సీజన్‌కి టికెట్లు కొంటాడు. తన పరువు కాపాడుకోవడానికి పక్కవాడి పర్సు పణంగా పెట్టాడన్న మాట.

అందుకని వెళ్ళేవాళ్ళకు ఒకే ఒక్క సలహా. మన ఊరి సంతలో ఉన్న మనిషినే విమానం ఎక్కించండి. ధర ముందు అడగండి, రెండోసారి అడగండి, కాగితం మీద రాయమనండి. ఉచితం అనగానే వెనక్కి తిరగండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో నిజం చెప్పి వెళ్ళండి, అది అన్ని బీమాల కన్నా చవక. తిరిగొచ్చాక నీలం నీళ్ళ ఫొటోలతోపాటు బిల్లుల ఫొటోలు కూడా వాట్సాప్ గ్రూపులో పెట్టండి. నవ్వేవాళ్ళు ఓ పూట నవ్వుతారు, తర్వాత చప్పుడు చెయ్యకుండా 1155 నంబరు రాసుకుంటారు. అంతమాత్రం చెయ్యలేనివాడు మోసగాళ్ళను తిట్టే హక్కు వదులుకోవాలి. మోసపోయి నోరు మూసుకున్నవాడు బాధితుడు కాదు, ఆ కంపెనీలో వాటాదారు. కాకపోతే ప్రతి సీజన్‌కీ పెట్టుబడి పెట్టి, ఒక్కసారి కూడా డివిడెండు అడగని వాటాదారు.